ప్రాధాన్య ఓట్లను కంప్యూటర్‌తో లెక్కించడం ఎలా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి రాష్ట్రపతి ఎన్నిక దాకా

ఒక అపార్ట్‌మెంట్‌లో అరవై ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. ఈ ఏడాది కార్పస్ ఫండ్‌లో ఒక్క పెద్ద పనికే డబ్బుంది. లిఫ్ట్ మార్చాలా, సోలార్ పెట్టాలా, ఇంకుడు గుంతలు తవ్వించాలా, జిమ్ కట్టాలా? జనరల్ బాడీలో చేతులెత్తమంటే లిఫ్ట్‌కు 22, సోలార్‌కు 18, ఇంకుడు గుంతలకు 12, జిమ్‌కు 8 వచ్చాయి. లిఫ్ట్ గెలిచిందని సెక్రటరీ మినిట్స్‌లో రాసేస్తారు. మిగతా 38 ఫ్లాట్లవాళ్లు లిఫ్ట్ గురించి ఏమనుకుంటున్నారు? రెండో స్థానంలో పెట్టుకున్నారా, అసలొద్దంటున్నారా? చేతులెత్తించే పద్ధతి ఆ ప్రశ్న అడగదు.

ఆ ప్రశ్న అడగడం, వచ్చిన జవాబులను ఒక మామూలు స్ప్రెడ్‌షీట్‌లో లెక్కించడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా పని జరుగుతుంది, వస్తే ఇంకా త్వరగా అవుతుంది. అసోసియేషన్, కాలేజీ క్లబ్, తెలుగు సంఘం, స్వయం సహాయక బృందం ఎక్కడైనా లెక్క ఇదే.

ఎంపికలు రెండే ఉంటే మాత్రం ఇదంతా అక్కర్లేదు. ఎక్కువ ఓట్లు వచ్చినదే గెలిచినట్టు. రెండు ఎంపికల మధ్య సాధారణ మెజారిటీకి సాటి వచ్చే న్యాయమైన పద్ధతి మరొకటి లేదని 1952లోనే కెన్నెత్ మే గణితపరంగా నిరూపించాడు. చిక్కంతా మూడో ఎంపిక వచ్చినప్పుడే మొదలవుతుంది.

1. లెక్క పద్ధతిని ఓట్ల కంటే ముందే తేల్చండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ దాటేసేదీ ఇదే. ఓట్లు వచ్చాక పద్ధతి ఎంచుకోవడమంటే విజేతను ఎంచుకోవడమే. ఎందుకో నాలుగో అడుగులో మీకే కనిపిస్తుంది. ఎవరికి ఓటుంది (ఫ్లాట్‌కు ఒకటా, మనిషికి ఒకటా), లెక్క ఏ పద్ధతిలో, సమానమైతే ఏం చేస్తారు, ఈ మూడూ నోటీసులోనే రాయండి.

ఎంపికల జాబితాలో "పైవేవీ వద్దు" అన్నది కూడా చేర్చండి. మన ఎన్నికల్లో నోటా 2013 నుంచి ఉంది. కానీ అసెంబ్లీకో లోక్‌సభకో దానికి ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. డెబియన్ అనే సాఫ్ట్‌వేర్ సమూహం దానికి పదును పెట్టింది. వాళ్ల ఓటింగ్‌లో "ఏదీ కాదు"తో ముఖాముఖిలో నెగ్గలేని ఎంపిక పోటీ నుంచే తప్పుకుంటుంది. చిన్న సంఘాలకు నేను చెప్పేది ఈ పద్ధతే. డబ్బు ఖర్చు పెట్టడమే వద్దనేవాళ్ల మాటకు అప్పుడు విలువ ఉంటుంది. (కింది ఉదాహరణలో లెక్క చిన్నగా ఉండడానికి దాన్ని వదిలేశాను.)

2. ఓట్లు సేకరించండి

ఒక్క టిక్కు కాదు, వరుస అడగాలి: మీకు అన్నిటికన్నా నచ్చినదానికి 1, తర్వాతి దానికి 2, అలా. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు ఇది అలవాటే.

గూగుల్ ఫారమ్స్‌లో మల్టిపుల్ చాయిస్ గ్రిడ్ తీసుకోండి. అడ్డు వరుసల్లో ఎంపికల పేర్లు, నిలువు వరుసల్లో 1, 2, 3, 4 పెట్టండి. తిరగేసి పెడితే షీట్‌లోకి ర్యాంకుల బదులు పేర్లు వచ్చి, మార్చుకోవడానికి అదనపు పని పడుతుంది. నిలువు వరుసల పేర్లు ఉత్త అంకెలుగానే ఉండాలి. "1వ ప్రాధాన్యం" అని రాస్తే షీట్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది, తర్వాత పోలికలు పనిచేయవు. నిలువు వరుసకు ఒక్క జవాబే అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఇద్దరికి ఒకే ర్యాంకు ఇవ్వడం కుదరదు. ఫలితాల సారాంశం అందరికీ చూపించే సెట్టింగ్ మాత్రం తప్పనిసరిగా ఆఫ్‌లో ఉండాలి. కారణం ఆరో అడుగులో చెబుతాను.

ఈమెయిల్ ఐడీలు తీసుకుంటే ఎవరు ఎలా ఓటేశారో ఫారం నడిపేవారికి తెలిసిపోతుంది. గోప్యత కావాలంటే కాగితం బ్యాలెట్లు వేయించి, ఇద్దరు కూర్చుని షీట్‌లో ఎక్కించడమే మంచిది. అరవై కాగితాలకు గంట కూడా పట్టదు. లేదా కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ మైయర్స్ తయారు చేసిన సివ్స్ అనే ఉచిత సేవ ఉంది. ఓటర్లకు లింకులు పంపడం నుంచి ఫలితం దాకా అదే చూసుకుంటుంది.

3. షీట్ శుభ్రం చేయండి

ఒక్కో బ్యాలెట్‌కు ఒక అడ్డు వరుస, ఒక్కో ఎంపికకు ఒక నిలువు వరుస, గడిలో ర్యాంకు ఉండాలి. చాలామంది మొదటి రెండే నింపి వదిలేస్తారు, అది వాళ్ల హక్కు. కానీ ఖాళీ గడిని పోలికలో షీట్ సున్నాగా చదువుతుంది. సున్నా ఒకటి కంటే చిన్నది కాబట్టి, ఓటరు అసలు పట్టించుకోని ఎంపిక అతని మొదటి ప్రాధాన్యం అయిపోతుంది! ఖాళీలన్నిటిలో 99 నింపండి. అప్పుడు అవి అన్నిటికన్నా కిందికి పోతాయి, వాటిలో వాటికి ఎక్కువ తక్కువలు ఉండవు.

మన ఉదాహరణలో అరవై బ్యాలెట్లు నాలుగు రకాలుగా వచ్చాయనుకుందాం:

22 ఫ్లాట్లు: లిఫ్ట్, గుంతలు, సోలార్, జిమ్
18 ఫ్లాట్లు: సోలార్, గుంతలు, జిమ్, లిఫ్ట్
12 ఫ్లాట్లు: గుంతలు, సోలార్, లిఫ్ట్, జిమ్
8 ఫ్లాట్లు: జిమ్, సోలార్, గుంతలు, లిఫ్ట్

చేతులెత్తితే గెలిచిన లిఫ్ట్ 26 ఫ్లాట్లకు ఆఖరి ఎంపిక అని ఇప్పుడు కనిపిస్తోంది.

4. జోడీ పట్టిక వేయండి

అసలు పని ఇక్కడే ఉంది. ప్రతి రెండు ఎంపికలనూ ముఖాముఖి నిలబెట్టి, ఎన్ని బ్యాలెట్లలో ఏది ముందుందో లెక్కపెట్టాలి. షీట్‌లో సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా ఒక్కటి చాలు. సోలార్ నిలువు వరుసలోని అంకె లిఫ్ట్ వరుసలోని అంకె కంటే చిన్నదా అని ప్రతి బ్యాలెట్‌లో పోల్చి, వచ్చిన ఒప్పు, తప్పులను 1, 0లుగా మార్చి కూడుతుంది. నాలుగు ఎంపికలకు ఆరు జోడీలు:

గుంతలు 38, లిఫ్ట్ 22
గుంతలు 34, సోలార్ 26
గుంతలు 52, జిమ్ 8
సోలార్ 38, లిఫ్ట్ 22
సోలార్ 52, జిమ్ 8
లిఫ్ట్ 34, జిమ్ 26

ఇంకుడు గుంతలు ప్రతి ముఖాముఖిలోనూ గెలిచాయి. ఇలా అందరినీ విడివిడిగా ఓడించే ఎంపికను కాందోర్సే విజేత అంటారు. 1785లో ఈ ఆలోచనకు గణిత రూపం ఇచ్చిన ఫ్రెంచి పండితుడి పేరు అది.

మనకు బాగా తెలిసిన ఎలిమినేషన్ పద్ధతిలో ఇవే బ్యాలెట్లు లెక్కించండి. ప్రతి రౌండ్‌లో అతి తక్కువ ఓట్లున్నదాన్ని తొలగించి, దాని ఓట్లను ఆ బ్యాలెట్లలోని తర్వాతి ఎంపికకు ఇవ్వడమే ఆ పద్ధతి. మొదట జిమ్ పోతుంది, దాని 8 ఓట్లు సోలార్‌కు చేరి అది 26 అవుతుంది. తర్వాత 12తో గుంతలు పోతాయి, ఆ ఓట్లు కూడా సోలార్‌కే. చివరికి సోలార్ 38, లిఫ్ట్ 22. సోలార్ గెలిచింది. అంటే చేతులెత్తితే లిఫ్ట్, ఎలిమినేషన్‌లో సోలార్, ముఖాముఖిలో గుంతలు. ఒక్క ఓటూ మారలేదు. పద్ధతిని ముందే తేల్చమన్నది అందుకే.

ఎలిమినేషన్ లెక్కలో ఏం జరుగుతుందో చూడడానికి 1969 రాష్ట్రపతి ఎన్నిక కంటే మంచి ఉదాహరణ మనకు దొరకదు. మన రాష్ట్రపతి ఎన్నిక ప్రాధాన్య ఓట్లతోనే జరుగుతుంది. ఆ ఏడాది పోటీలో ముందున్న ఇద్దరూ తెలుగువాళ్లే: వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. అందులో సగానికి ఒకటి కలిపితే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన విలువ, 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గిరికి కోటాకు 16,654 తక్కువ. మిగతా అభ్యర్థులను, దేశ్‌ముఖ్‌ను తొలగించి వాళ్ల బ్యాలెట్లలోని తర్వాతి ప్రాధాన్యాలను పంచితే సంజీవరెడ్డికి 91,879 కలిశాయి, గిరికి 18,562 మాత్రమే. అయినా గిరి 4,20,077తో కోటా దాటారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు.

ఈ లెక్కలో గిరికి, సంజీవరెడ్డికి మొదటి ప్రాధాన్యం ఇచ్చిన బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యాలను ఎవరూ చదవలేదు. చదవాల్సిన అవసరం ఆ పద్ధతిలో రాదు. దేశ్‌ముఖ్‌ను గిరితోనూ, సంజీవరెడ్డితోనూ విడివిడిగా నిలబెడితే ఏమయ్యేదో ఆ బ్యాలెట్లలో ఉన్నా లెక్కలోకి రాలేదు. ఎలిమినేషన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. అందరిచేతా వరుస రాయిస్తుంది, కొందరిదే చదువుతుంది.

అలా చదవకపోవడం వల్ల ఫలితమే మారిన సందర్భం అమెరికాలో ఉంది. వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరంలో 2009 మేయర్ ఎన్నికలో మొదటి ప్రాధాన్యం ఓట్లు కర్ట్ రైట్‌కు 2,951, బాబ్ కిస్‌కు 2,585, ఆండీ మాంట్రోల్‌కు 2,063. మాంట్రోల్ ఎలిమినేట్ అయ్యాడు, చివరి రౌండ్‌లో రైట్‌ను కిస్ ఓడించాడు. తర్వాత బ్యాలెట్లన్నీ జోడీలుగా లెక్కిస్తే మాంట్రోల్ ఆ ఇద్దరినీ విడివిడిగా ఓడించాడని తేలింది. మరుసటి ఏడాది నగర ప్రజలు ఆ పద్ధతినే రద్దు చేసుకున్నారు. వాళ్లకు చేటు చేసింది ప్రాధాన్య ఓటు కాదనీ, దాన్ని లెక్కించిన తీరనీ నా అభిప్రాయం.

చేత్తో లెక్కించేటప్పుడు ఎలిమినేషనే సులువన్నది నిజం. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానంలో 93 మంది పోటీ చేశారు. జంబో బ్యాలెట్లు, రోజుల తరబడి కౌంటింగ్. అంతమందికి జోడీలు 4,278 అవుతాయి, మనుషులు కూర్చుని లెక్కించే పని కాదు. ర్యాంకులు ఒకసారి ఎక్కిస్తే కంప్యూటర్‌కు అది లెక్కలోది కాదు.

5. చక్రం పడితే

కాందోర్సే విజేత ప్రతిసారీ ఉండకపోవచ్చు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని ఓడించే పరిస్థితి రావచ్చు. దీన్ని కూడా కాందోర్సేనే గుర్తించాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో నోటీసులో ముందే ఉండాలి. నేను చెప్పేది 1997లో మార్కుస్ షుల్జె ప్రతిపాదించిన పద్ధతి. డెబియన్ 2003 నుంచి దాన్నే వాడుతోంది.

కాగితం మీద ఇలా చేయండి. ప్రతి జోడీలో గెలిచినదాని నుంచి ఓడినదానికి బాణం గీసి, దాని మీద గెలిచిన ఓట్లు వేయండి. ఒక ఎంపిక నుంచి మరోదానికి బాణాల వెంట వెళ్లే దారి బలమెంతో చూడండి: ఆ దారిలో ఉన్న అతి చిన్న అంకే దాని బలం. దారులు చాలా ఉంటే బలమైనది తీసుకోండి. అటు నుంచి ఇటు దారి, ఇటు నుంచి అటు దారి కంటే బలమైతే అటుదే పైచేయి. అందరి మీదా పైచేయి ఉన్నదే విజేత.

ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఇది మూడు లూపుల పని. ప్రతి మజిలీకి, ప్రతి ఆరంభానికి, ప్రతి గమ్యానికి: ఆరంభం నుంచి మజిలీకి ఉన్న బలం, మజిలీ నుంచి గమ్యానికి ఉన్న బలం, ఈ రెండిట్లో చిన్నది తీసుకోండి. అది ఇప్పుడున్న బలం కంటే ఎక్కువైతే దాన్ని రాసుకోండి. మజిలీ లూపు తప్పకుండా బయట ఉండాలి. లోపల పెడితే ప్రోగ్రామ్ నడుస్తుంది, జవాబూ ఇస్తుంది, ఒక్కోసారి తప్పు జవాబు ఇస్తుంది. 93 మంది అభ్యర్థులకైనా ఇది ఎనిమిది లక్షల చిల్లర అడుగులే, కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది.

అన్ని పద్ధతులూ ఇంత సులువు కావు. 1959లో జాన్ కెమెనీ ప్రతిపాదించిన పద్ధతి వినడానికి చాలా అందంగా ఉంటుంది: సాధ్యమైన వరుసలన్నిటిలో ఓటర్లతో అతి తక్కువగా విభేదించే వరుసను వెతకాలి. నాలుగు ఎంపికలకు 24 వరుసలు, అది సరే. పదికి 36,28,800. ఇరవైకి సుమారు 24 వేల కోట్ల కోట్లు. దీనికి వేగవంతమైన దగ్గరిదారి ఉండడం బహుశా అసాధ్యమని (కంప్యూటర్ శాస్త్రంలో ఎన్‌పీ-హార్డ్ అంటారు) 1989లో బార్తోల్డీ, టోవీ, ట్రిక్ నిరూపించారు. గెలిచిందెవరో తేల్చడమే కష్టమైతే ఆ పద్ధతి ఎంత న్యాయమైనదైనా ఏం లాభం? ఓటింగ్‌ను కంప్యూటర్ శాస్త్రం కంటితో చూడడం ఒక ప్రత్యేక రంగంగా ఎదిగింది ఈ ప్రశ్న నుంచే.

6. ఎత్తుగడలకు సిద్ధంగా ఉండండి

సోలార్ కోరుకునే 18 ఫ్లాట్లవాళ్లకు మన పట్టిక ముందే తెలిసిందనుకోండి. గుంతలే తమకు అడ్డని గ్రహించి, వాళ్లు నిజంగా రెండోదిగా కోరుకునే గుంతలను ఆఖరికి తోసేసి "సోలార్, జిమ్, లిఫ్ట్, గుంతలు" అని రాస్తే? గుంతలు-లిఫ్ట్ పోటీ తలకిందులవుతుంది: లిఫ్ట్ 40, గుంతలు 20. సోలార్ లిఫ్ట్‌ను 38తో, గుంతలు సోలార్‌ను 34తో ఓడిస్తూనే ఉంటాయి. చక్రం పడింది. షుల్జె లెక్కలో సోలార్ నుంచి గుంతలకు లిఫ్ట్ మీదుగా ఉన్న దారి బలం 38, తిరుగు దారి బలం 34. లిఫ్ట్ మీద కూడా సోలార్‌దే పైచేయి, 38కి 34. సోలార్ గెలుస్తుంది, ఎత్తుగడ పారింది.

పద్ధతి మారిస్తే పోతుందా అంటే పోదు. ర్యాంకుకు 3, 2, 1, 0 మార్కులిచ్చే బోర్దా పద్ధతిలో నిజాయితీ ఓట్లతో గుంతలకు 124, సోలార్‌కు 116. అదే ఎత్తుగడ వేస్తే గుంతలు 88కి పడిపోయి అక్కడా సోలారే గెలుస్తుంది. మూడు అంతకన్నా ఎక్కువ ఎంపికల్లో దేనికైనా గెలిచే వీలుండి, లాటరీ లేకుండా, ఒక్కరి మాటే చెల్లకుండా ఉండే ప్రతి పద్ధతిలోనూ ఇలా ఆడే సందర్భం ఏదో ఒకటి ఉంటుందని గిబార్డ్ 1973లో, శాటర్త్‌వైట్ 1975లో నిరూపించారు.

అయితే ఈ ఆటకు మిగతావాళ్లు ఎలా ఓటేస్తారో తెలియాలి. అందుకే ఓటింగ్ ముగిసేదాకా అంకెలు బయటికి రానీయకండి, వాట్సాప్ గ్రూపులో ముందస్తు పోల్ పెట్టకండి. అంతకు మించిన రక్షణ చిన్న సంఘాలకు నాకు కనిపించలేదు.

7. ఒక్క పని కాదు, డబ్బు పంచాలంటే

ఒకే విజేతకు బదులు బడ్జెట్‌లో సరిపోయినన్ని పనులు ఎంచుకోవాలంటే పై లెక్క వాడకండి. ఇక్కడ అన్యాయం మరో రకంగా జరుగుతుంది. బడ్జెట్ ఆరు లక్షలు. ఎ బ్లాక్‌లో 40 ఫ్లాట్లు, వాళ్లు కోరే పనులు మూడు: 2.4 లక్షలది, 2 లక్షలది, 1.6 లక్షలది. బి బ్లాక్‌లో 20 ఫ్లాట్లు, వాళ్లు కోరేది ఒక్కటే, 1.8 లక్షలది. ఎక్కువ ఓట్లు వచ్చినవాటిని వరుసగా తీసుకుంటే ఆరు లక్షలూ ఎ బ్లాక్‌కే పోతాయి. మెయింటెనెన్స్ కట్టేది మాత్రం అందరూ.

దీనికి పీటర్స్, స్కోవ్రోన్ రూపొందించిన సమాన వాటాల పద్ధతి ఉంది. పోలండ్‌లోని వియెలిచ్కా, స్విట్జర్లాండ్‌లోని ఆరావు పట్టణాలు 2023లో ప్రజల ఓటుతో నిధులు పంచడానికి దీన్ని వాడాయి. లెక్క ఇదీ: బడ్జెట్‌ను ఓటర్లందరికీ సమానంగా పంచినట్టు రాసుకోండి, ఫ్లాట్‌కు 10,000. ఒక పనిని కోరినవాళ్లే దాని ఖర్చు సమానంగా భరించాలి. తలకు అతి తక్కువ పడే పనిని ముందు తీసుకుని, వాళ్ల వాటాల్లోంచి తగ్గించండి. 1.6 లక్షల పనికి ఎ బ్లాక్‌లో తలకు 4,000 పడుతుంది, 6,000 మిగిలింది. 2 లక్షల పనికి 5,000, ఇక మిగిలింది వెయ్యి. మూడో పనికి తలకు 6,000 కావాలి, లేదు కాబట్టి అది ఆగిపోతుంది. బి బ్లాక్ తలకు 9,000 పెట్టి తన పని తెచ్చుకుంటుంది. మొత్తం ఖర్చు 5.4 లక్షలు, మిగిలిన 60,000 ఏం చేయాలో కూడా నోటీసులో ముందే రాసి ఉంచాలి. కోరినవాళ్లలో కొందరి దగ్గర వాటా చాలకపోతే, వాళ్లు ఉన్నదంతా ఇచ్చి మిగతాది తక్కినవాళ్లు సమానంగా భరిస్తారు. ఈ చిన్న సవరణ వల్లే దీన్ని చేత్తో కాక షీట్‌లోనో ప్రోగ్రామ్‌తోనో చేయడం మేలు.

8. ఫలితం ప్రకటించండి

విజేత పేరు ఒక్కటే చెబితే చాలదు, జోడీ పట్టిక మొత్తం నోటీసు బోర్డులో పెట్టండి. ఎవరికైనా అనుమానమొస్తే కాలిక్యులేటర్‌తో సరిచూసుకుంటారు. డెబియన్ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. నాయకుడి ఎన్నికలో ఒక్కో ఓటరుకు రహస్య సంకేతం ఇచ్చి, ఓట్ల జాబితాను పేర్లు లేకుండా ప్రకటిస్తుంది. తన ఓటు సరిగ్గా ఎక్కిందో లేదో ఎవరికి వారు చూసుకోవచ్చు.

ఎంపికలు ఎక్కువైనప్పుడు మాత్రం పూర్తి బ్యాలెట్లను బయట పెట్టడం ప్రమాదం. ఎనిమిది ఎంపికలకే 40,320 వరుసలు సాధ్యం. "మొదటిది మాది పెట్టు, మిగతా ఏడూ నేను చెప్పిన వరుసలో రాయి" అని ఒకరిని బెదిరిస్తే, ఆ వరుస జాబితాలో ఉందో లేదో చూసి మాట విన్నాడో లేదో కనిపెట్టవచ్చు. జోడీ పట్టికలో ఆ గుర్తు కలిసిపోతుంది కాబట్టి పెద్ద జాబితాలకు పట్టికే ప్రకటించండి, బ్యాలెట్లు కవర్‌లో సీల్ చేసి ఉంచండి.

అన్నీ అయ్యాక ఇద్దరు సమానంగా నిలిస్తే లాటరీ తీయండి. చీటీలు సభలో అందరి ముందూ రాసి, పోటీ పడిన ప్రతిపాదనలతో సంబంధం లేనివారితో తీయించండి. దానికి కంప్యూటర్ వాడకండి. స్క్రీన్ మీద వచ్చిన యాదృచ్ఛిక సంఖ్యను ఓడినవాళ్లు ఎన్నటికీ నమ్మరు.